రివర్సు గేరు పడకపోవడం

రివర్సు గేరు పడకపోవడం అనేది చేతితో గేర్లు మార్చే కార్లలో తరచుగా కనిపించే ఒక లోపము. ముందుకు నడిపే గేర్లన్నీ సక్రమంగా పడుతూ రివర్సు మాత్రం పడకపోవచ్చు, లేదా గేరు వేయబోయినప్పుడు కర్రుమనే శబ్దం రావచ్చు. ఇది గేరుబాక్సు లోపలి లోపమని చాలామంది భావిస్తారు. కాని అనేక సందర్భాలలో అసలు కారణం గేరుబాక్సు వెలుపల, ముఖ్యంగా క్లచ్‌లో ఉంటుంది. గేరుబాక్సును దించి విప్పడం ఖర్చుతోనూ, శ్రమతోనూ కూడిన పని. కనుక ఆ పనికి పూనుకొనే ముందు కొన్ని పరీక్షలు చేసి చూడవలసి ఉంటుంది.

రివర్సు గేరు ప్రత్యేకత

ఒకదానితో ఒకటి కలిసిన రెండు పళ్ళ చక్రాలు ఎల్లప్పుడూ వ్యతిరేక దిశలలో తిరుగుతాయి. వాటి మధ్య మూడవ చక్రాన్ని చేరిస్తే మొదటిదీ చివరిదీ ఒకే దిశలో తిరుగుతాయి. కారు వెనుకకు నడిచేది ఈ సూత్రం వల్లనే. ఈ మూడవ చక్రాన్ని ఐడ్లర్ గేరు అంటారు.

ముందుకు నడిపే గేర్లలో చక్రాల పళ్ళు ఎప్పుడూ కలిసే ఉంటాయి. గేరు మార్చినప్పుడు షాఫ్టు వేగాన్నీ, చక్రం వేగాన్నీ సమానం చేసే పని సింక్రోమెష్ అనే అమరికది. దీనిని 1928లో అమెరికాకు చెందిన కాడిలాక్ సంస్థ తన కార్లలో ప్రవేశపెట్టింది. అయితే చాలా కార్లలో రివర్సుకు ఈ అమరిక ఉండదు. ఐడ్లర్ గేరే పక్కకు జరిగి మిగిలిన రెండు చక్రాల పళ్ళ మధ్యకు చేరాలి. అందుకు వీలుగా దాని పళ్ళు ఏటవాలుగా కాక నిటారుగా కోయబడి ఉంటాయి. కారు వెనుకకు నడుస్తున్నప్పుడు వినిపించే కూత వంటి శబ్దానికి కారణం ఈ నిటారు పళ్ళే. అది లోపం కాదు. కొన్ని కొత్త కార్లలో రివర్సుకు కూడా సింక్రోమెష్ అమర్చబడి ఉంటుంది.

లోపం లేకున్నా గేరు పడని సందర్భాలు

క్లచ్ తొక్కిన తరువాత కూడా గేరుబాక్సులోని ఇంజను వైపు షాఫ్టు కొద్దిసేపు తిరుగుతూనే ఉంటుంది. వెంటనే రివర్సు వేస్తే పళ్ళు రాసుకొని శబ్దం వస్తుంది. కారు పూర్తిగా ఆగిన పిమ్మట, క్లచ్ తొక్కి ఉంచి మూడు నాలుగు సెకన్లు ఆగి గేరు వేయాలి. లేదా ముందుగా ఒక ముందు గేరు వేసి, ఆ తరువాత రివర్సు వేయవచ్చు. ముందు గేరు యొక్క సింక్రోమెష్ తిరుగుతున్న షాఫ్టును ఆపివేస్తుంది.

కొన్నిసార్లు పన్నుకు పన్ను ఎదురుగా వచ్చి గేరు లోపలికి పోదు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, మరల తొక్కి ప్రయత్నిస్తే చక్రం కొద్దిగా తిరిగి గేరు పడుతుంది.

కొత్త కారు నడిపేవారు గేరు కర్ర అమరికను కూడా గమనించాలి. ఫోక్స్‌వాగన్ కార్లలో కర్రను కిందికి నొక్కి రివర్సు వేయాలి. రెనో డస్టర్ వంటి కార్లలో కర్ర మీది రింగును పైకి ఎత్తాలి. మారుతి స్విఫ్ట్ వంటి ఐదు గేర్ల కార్లలో రివర్సు ఐదవ గేరుకు సరిగ్గా కింద ఉంటుంది. ఇటువంటి అమరిక గల అనేక గేరుబాక్సులలో ఐదవ గేరు నుండి నేరుగా రివర్సులోకి పోకుండా అడ్డు ఉంటుంది. కర్రను ఒకసారి న్యూట్రల్ మధ్యకు తెచ్చిన తరువాతే రివర్సు పడుతుంది.

ఇంజను ఆపి చేసే పరీక్ష

కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, చేతి బ్రేకు వేసి, ఇంజను ఆపి, క్లచ్ తొక్కి రివర్సు వేసి చూడాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు గేరు సులువుగా పడి, నడుస్తున్నప్పుడు పడకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అనుమానించాలి. రెండు సందర్భాలలోనూ పడకపోతే లోపం గేరు కర్ర నుండి గేరుబాక్సు వరకు గల అమరికలోనో, గేరుబాక్సు లోపలనో ఉన్నట్లు. పన్నుకు పన్ను ఎదురైతే ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు కనుక రెండు మూడు సార్లు చేయడం మంచిది.

క్లచ్ లోపాలు

క్లచ్ విడవని లోపం మొదట రివర్సులోనే బయటపడుతుంది. ముందు గేర్లలో ఆ లోపాన్ని సింక్రోమెష్ కొంతకాలం కప్పిపుచ్చుతుంది, రివర్సుకు ఆ రక్షణ లేదు. ఆగి ఉన్నప్పుడు మొదటి గేరు కూడా బిగుతుగా పడుతూ ఉంటే ఈ అనుమానం బలపడుతుంది.

అన్నిటికంటె ముందు చూడవలసినది పెడలు కింది మ్యాటు. అది ముడుచుకొని పెడలును పూర్తిగా దిగనివ్వకపోవచ్చు. కేబులు క్లచ్ అయితే కేబులు సాగి ఉండవచ్చు, దానిని బిగించి సరిచేయవచ్చు. హైడ్రాలిక్ క్లచ్ అయితే ద్రవం తగ్గిందేమో చూడాలి. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ద్రవపు డబ్బా ఒకటే. ద్రవం తగ్గితే ఎక్కడో కారుతూ ఉండవచ్చు, నింపినంత మాత్రాన సరిపోదు. గొట్టాలలో గాలి చేరితే పెడలు మెత్తగా దిగుతుంది. రెండు మూడు సార్లు తొక్కితే గేరు పడుతుంది. అప్పుడు గాలిని తీసివేయాలి.

వర్షాకాలంలో వారాల తరబడి కదలకుండా ఉన్న కారులో తుప్పు వల్ల క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అంటుకుపోవడం కూడా కద్దు.

కర్ర, కేబుళ్ళు, లోపలి భాగాలు

కర్ర నుండి గేరుబాక్సుకు పోయే కేబుళ్ళ చివర ప్లాస్టిక్ బుష్షులు ఉంటాయి. అవి అరిగినా, ఊడినా కర్ర కదులుతుంది గాని గేరుబాక్సులోని భాగం పూర్తిగా జరగదు. ఒకరు కర్రను కదుపుతుండగా మరొకరు బానెట్ ఎత్తి చూస్తే చాలా కార్లలో ఇది కంటికి కనిపిస్తుంది. ఇంజను ఆపి ఉంచియే ఈ పని చేయాలి. బుష్షు మార్చడం చిన్న పని.

కర్ర తన చోటికి చేరి, వెనుక తెల్ల దీపం వెలిగినా, ఇంజను నడుస్తుండగా క్లచ్ వదిలినప్పుడు కారు కదలకపోతే లోపలి పళ్ళో, ఐడ్లర్‌ను జరిపే ఫోర్కో దెబ్బతిని ఉండవచ్చు. కారు ఇంకా ముందుకు దొర్లుతుండగానే రివర్సు వేసే అలవాటు వల్ల పళ్ళ అంచులు చితుకుతాయి. అప్పుడు గేరుబాక్సును విప్పక తప్పదు. ఎలాగూ దించుతున్నారు కనుక క్లచ్ ప్లేటును కూడా అప్పుడే పరిశీలింపజేయడం లాభసాటి.

మరమ్మతు జరిగే వరకు

ఇంజను ఆపి రివర్సు వేసి, క్లచ్ తొక్కి స్టార్టు చేసే ఉపాయాన్ని కొందరు వాడుతారు. క్లచ్ విడవని కారులో ఇది ప్రమాదకరము. తాళం తిప్పగానే కారు వెనుకకు దూకుతుంది, వెనుక పిల్లలు ఉన్నా డ్రైవరుకు ఆపే వ్యవధి ఉండదు. దానికి బదులు కారును న్యూట్రల్‌లో ఉంచి మనుషులు నెట్టడం మేలు. మరమ్మతు అయ్యే వరకు కారును గోడకు ఎదురుగా గాని, ముందువైపు పల్లంగా ఉన్న చోట గాని నిలపరాదు.