బీచ్ వదిలి కంచరపాలెంలోకి

తెలుగు సినిమాకు విశాఖపట్నం అంటే చాలాకాలం బీచ్ రోడ్డే. రుషికొండ, భీమిలి దారి, డాల్ఫిన్స్ నోస్... పాటకు సముద్రం కావాలంటే యూనిట్ విశాఖకు బయల్దేరేది. తెర నిండా ఊరి అందం ఉండేది. ఊళ్లో బతికే మనుషులు మాత్రం అంతగా కనిపించేవారు కాదు.

ఆ అందాన్ని తెలుగువాళ్లకు గుర్తుండిపోయేలా చూపించినవాటిలో మొదట చెప్పుకోవలసింది 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’. రంగుల సినిమా రాజ్యమేలుతున్న రోజుల్లో కె. బాలచందర్ పట్టుబట్టి బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. కమల్‌హాసన్, సరిత తిరిగిన ఆ తీరం చూడటానికి జనం ఎక్కడెక్కడినుంచో వచ్చారు. అదే కథ 1981లో ‘ఏక్ దూజే కే లియే’గా హిందీకి వెళ్లినప్పుడు కథాస్థలం గోవా అయింది. ఆ ప్రేమకథకు సముద్రం ఉంటే చాలు, ఊరు మారినా నడిచింది. తర్వాత జంధ్యాల ‘రెండు జెళ్ళ సీత’ లాంటి సినిమాలతో విశాఖను తెలుగింటి హాస్యానికి చిరునామా చేశారు. రామానాయుడు భీమిలి దారిలో కొండమీద స్టూడియో కట్టారు. విశాఖలో సత్యానంద్ దగ్గర నటన నేర్చుకున్న పవన్ కల్యాణ్, ప్రభాస్ లాంటివాళ్లు హైదరాబాద్ వెళ్లి తారలయ్యారు.

కానీ ఈ ఊరి అసలు చరిత్ర కూలి చేతులు రాసింది. 1933లో హార్బర్‌లోకి ఓడలు రావడం మొదలైంది. 1948లో షిప్‌యార్డులో తయారైన ‘జల ఉష’ను నెహ్రూ జలప్రవేశం చేయించారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో రాష్ట్రమంతా కదిలింది. 1971లో ఇందిరాగాంధీ స్టీల్‌ప్లాంట్‌కు శంకుస్థాపన చేశారు. పోర్టు, రైల్వే, మిల్లుల చుట్టూ పేటలు పెరిగాయి. ఆ పేటల మాట సాహిత్యంలోకి ఎప్పుడో వచ్చింది. విశాఖ వకీలు రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో అక్కడి బీదల యాసకు పెద్దపీట వేశారు. సినిమాలో మాత్రం ఉత్తరాంధ్ర యాస కామెడీ ట్రాక్ దగ్గరే ఆగిపోయింది.

మామూలు మనుషుల్ని తెరమీదికి తెచ్చే ప్రయత్నాలు తెలుగులో లేకపోలేదు. బి. నర్సింగరావు నిర్మాతగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో వచ్చింది. నర్సింగరావే దర్శకత్వం వహించిన ‘దాసి’కి అయిదు జాతీయ అవార్డులు దక్కాయి. కె.ఎన్.టి. శాస్త్రి ‘తిలదానం’ 2002లో బూసాన్ చిత్రోత్సవానికి వెళ్లింది. కొలంబియా యూనివర్సిటీ విద్యార్థిగా రజనీష్ దోమలపల్లి నటన తెలియనివాళ్లతో తీసిన ‘వనజ’ 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం అనిపించుకుంది. అయితే ‘మా భూమి’ని మినహాయిస్తే ఈ సినిమాల పేరు విన్నవాళ్లలో సగంమందైనా వాటిని థియేటర్‌లో చూసి ఉండరు.

ఆ దారిలోనే 2018 సెప్టెంబర్ 7న ‘కేరాఫ్ కంచరపాలెం’ విడుదలైంది. దర్శకుడు వెంకటేశ్ మహాకు అది మొదటి సినిమా. అమెరికాలో గుండె డాక్టరైన పరుచూరి ప్రవీణ డబ్బు పెట్టారు, సలీమా పాత్రా వేశారు. విశాఖలోని కంచరపాలెం పేట బీచ్ దరిదాపుల్లో ఉండదు. రైలు పట్టాలు, ఐటీఐ, ఇరుకు సందులు, అరుగులు, వినాయక చవితి పందిళ్లు అక్కడి సంగతులు. నటుల్లో చాలామందిని ఆ పేట జనంలోంచే తీసుకున్నారు.

పనితనం ఎక్కడుందో చూడాలంటే వైన్‌షాపు సన్నివేశం చాలు. కౌంటర్ లోపల గడ్డం అనే పనివాడు. బయట బురఖాలో సలీమా. అతనికి ఆమె కళ్లు తప్ప ఏమీ కనిపించవు. సీసా చేతులు మారే ఆ కాస్త వ్యవధిలోనే ప్రేమ పుడుతుంది. పెళ్లికాని 49 ఏళ్ల అటెండర్ రాజు, అతని ఆఫీసుకు ఒడిశా నుంచి వచ్చిన పై అధికారి రాధల కథా అంతే నెమ్మదిగా, అంతే నమ్మకంగా నడుస్తుంది. స్టూడియోలో డబ్బింగ్ చెప్పించకుండా షూటింగ్ చోటే మాటల్ని రికార్డు చేయడం వల్ల యాస, తడబాటు, వీధి చప్పుడు చెక్కుచెదరకుండా తెరకెక్కాయి. ఇంట్లో మాట్లాడుకునే మాట అలాగే వినబడేసరికి ఉత్తరాంధ్ర ప్రేక్షకుడు ఆ సినిమాను తనదనుకున్నాడు. ఈ కథను సందుల్లోంచి పెకలించి మరో తీరంలో నాటడం ‘మరో చరిత్ర’ విషయంలో జరిగినంత తేలిక కాదు.

న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైన తొలి తెలుగు సినిమా ఇదే. ఆ పేరు ఎంత పెద్దదైనా, ఊరూరా థియేటర్లు దొరకడానికి రానా, సురేశ్ ప్రొడక్షన్స్ సమర్పణ కావలసి వచ్చింది. చిన్న సినిమా అసలు కష్టం తీయడంలో కంటే ఆడించడంలో ఉంది. ‘మా భూమి’ హైదరాబాద్‌లో ఉదయం ఆటగా నెలల తరబడి ఆడటం వల్లే జనానికి చేరింది. ఆ పాత పద్ధతి మళ్లీ రావాలి. జగదాంబ జంక్షన్ చుట్టూ ఇన్ని తెరలున్న విశాఖలో ఒక్క ఉదయం ఆటను కొత్త దర్శకులకు కేటాయించడం యజమానులకు పెద్ద భారం కాదు. ఆ ఆటకు మొదటి వారంలోనే టికెట్ కొనుక్కుని వెళ్లడం మన వంతు. రెండో వారం దాకా ఆగితే ఆ సినిమా అక్కడ ఉండదు.