ముత్యంపేట కొండ: మొక్కు, మాల, బతుకుపోరు

జగిత్యాల జిల్లాలో ముత్యంపేట పేరుతో రెండు ఊళ్లున్నాయి. మల్యాల మండలంలోని ముత్యంపేట శివారు గుట్టల మీద కొండగట్టు ఆంజనేయస్వామి ఆలయం ఉండగా, మెట్‌పల్లికి చేరువలో మల్లాపూర్ మండలానికి చెందిన ముత్యంపేటలో నిజాం చక్కెర సంస్థకు చెందిన కర్మాగారం ఉంది. 1937లో బోధన్‌లో మొదలైన ఆ సంస్థ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి, 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటనతో మూతపడగా, కార్మికుల జీతాలూ చెరకు రైతుల పంటా ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. మొదటి ఊరి గురించి స్థలపురాణాలు, యాత్రా పుస్తకాలు రాస్తాయి; రెండో ఊరి గురించి పత్రికలు, రైతు సంఘాల కరపత్రాలు రాస్తాయి. అయితే ఈ ప్రాంతపు మనుషుల జీవితంలో గుడి వేరుగా, బతుకుపోరు వేరుగా ఎన్నడూ లేవు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల గత యాభై ఏళ్ల చరిత్రలో రైతు పోరాటాన్నీ వలసనూ ఒక అధ్యాయంలో, భక్తిని మరో అధ్యాయంలో పెట్టి చదివే పద్ధతి ఆ మనుషులను సగం మాత్రమే చూపిస్తుంది.

కొండగట్టు పుట్టుక కథలోనే ఈ కలయిక కనిపిస్తుంది. స్థలపురాణం ప్రకారం కొన్ని వందల ఏళ్ల కిందట సింగం సంజీవుడు అనే పశువుల కాపరి తప్పిపోయిన పశువును వెతుకుతూ ఈ గుట్టల మధ్యకు వచ్చి అలసి నిద్రపోగా, ఆంజనేయుడు కలలో కనిపించి తాను కోరంద పొదలో ఉన్నానని చెప్పాడట. మేల్కొన్న సంజీవుడు పొదను తొలగించి విగ్రహాన్ని కనుగొని చిన్న గుడి కట్టాడట. తరువాతి కాలంలో కృష్ణారావు దేశ్‌ముఖ్ అనే వ్యక్తి ఇప్పటి ఆలయాన్ని కట్టించాడని కూడా చెబుతారు. దేశ్‌ముఖ్ అంటే నిజాం పాలనలో కొన్ని గ్రామాల మీద శిస్తు వసూలు హక్కును వంశపారంపర్యంగా అనుభవించిన పెద్ద భూస్వామి. దేవుణ్ని కనుగొన్నది కాపరి, గుడికి రాయి పేర్చింది భూస్వామి అని జనం నేటికీ చెప్పుకోవడం గమనించదగిన విషయం. తెలంగాణలో చాలా గుడుల కథలు ఈ తీరులోనే నడుస్తాయి. శ్రమ చేసే కులాల వారు దేవుడి మీద తమకున్న తొలి హక్కును కథ రూపంలో భద్రపరచుకున్నారని ఈ కథలను బట్టి అర్థం చేసుకోవచ్చు.

కొండగట్టు అంజన్నకు పేరు తెచ్చినవి రోగులూ సంతానం కోరేవారూ చేసుకొనే మొక్కులు. మొక్కు అంటే కోరిక నెరవేరితే ఫలానా పని చేస్తానని, లేదా నెరవేరడానికి ముందే ఫలానా నియమం పాటిస్తానని దేవుడితో చేసుకొనే ఒప్పందం. మనసు చెదిరినవారిని, గాలి సోకిందని ఊళ్లో అనుకొనేవారిని కుటుంబసభ్యులు ఇక్కడికి తీసుకువచ్చి, నలభై రోజులకు పైగా కొండ మీదే ఉంచి, కోనేటి స్నానాలూ ప్రదక్షిణలూ చేయించడం పాత ఆచారం. దీన్ని కేవలం మూఢనమ్మకమని కొట్టివేయడం సులభమే గాని, మానసిక వైద్యం జిల్లా కేంద్రాల్లో కూడా అందుబాటులో లేని కాలంలో, రోగిని ఇంటి నుంచి వెళ్లగొట్టకుండా ఒక మనిషి తోడుండి నెలకు పైగా చూసుకొనే ఏర్పాటు పేదలకు ఇదొక్కటే. ఆ ఏర్పాటుకు చీకటి పార్శ్వం కూడా ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఒక పాకకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది కాలిపోయిన తరువాతే దేశం ఈ సంగతిని పట్టించుకుంది; 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. మొక్కు తీర్చుకొనే హక్కును, వైద్యం పొందే హక్కును ఒకే రోగికి రెంటినీ దక్కించడమే నేటి అవసరం. ఒకదాని పేరు చెప్పి మరొకదాన్ని లాగివేయడం అన్యాయం.

ఈ ప్రాంతంలో మొక్కు మతాల హద్దులకు లోబడినది కాదు. కొండగట్టుకు దక్షిణాన ఉన్న వేములవాడ రాజరాజేశ్వర ఆలయంలో భక్తులు కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిప్పి కట్టివేసే కోడె మొక్కు ప్రసిద్ధమైనది. అదే ఆలయ ప్రాంగణంలో దర్గా కూడా ఉండడం, శివుడికి మొక్కిన చేతులే అక్కడా మొక్కడం తరతరాల అలవాటు. మొహర్రం నెలలో తెలంగాణ పల్లెల్లో జరిగే పీర్ల పండుగలో హిందూ కుటుంబాల వారు పిల్లలను, కొన్నిచోట్ల పెద్దలను ఫకీర్లను చేస్తామని మొక్కుకుంటారు. ఫకీరు అయిన మనిషి ఆ కొద్ది రోజులూ మెడలో దారం వేసుకొని, నియమంగా ఉండి, ఇంటింటా భిక్ష అడిగి, పండుగ ముగియగానే మళ్లీ సంసారి అవుతాడు. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగపై 2013లో వెలువడిన తన పుస్తకంలో పరిశోధకుడు అఫ్సర్ ఈ తాత్కాలిక వైరాగ్యాన్ని వివరంగా చర్చించారు. సంసారాన్ని వదలకుండానే కొన్నాళ్లు సన్యాసిలా బతికే ఈ పాత అలవాటును గుర్తుపెట్టుకుంటేనే, కొండగట్టు ఆంజనేయ దీక్ష మాల ఎందుకంత తొందరగా జనంలోకి పోయిందో అర్థమవుతుంది.

మాల సంగతికి ముందు 1978ని తలచుకోవాలి. ఆ ఏడాది సెప్టెంబరు 7న జగిత్యాల పట్టణంలో వేలాది రైతు కూలీలు జరిపిన ఊరేగింపు జైత్రయాత్రగా చరిత్రకెక్కింది. కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకొనే వెట్టిని ఆపాలని, పంచాయితీల పేరుతో దొరలు వసూలు చేసిన దండుగలను తిరిగి ఇవ్వాలని, పాలేర్ల జీతాలు పెంచాలని, భూస్వాముల కబ్జాలో ఉన్న ప్రభుత్వ భూములను పేదలకు వదలాలని రైతు కూలీ సంఘాలు అడిగాయి. నెలన్నర తిరగకముందే, అక్టోబరులో, ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి పోలీసులకు అసాధారణ అధికారాలు ఇచ్చింది. ఆ తరువాతి ఇరవై ఏళ్లలో ఈ ఊళ్ల యువకుల ముందు ఉన్న దారులు కొన్నే: అడవి, జైలు, దుబాయి, బొంబాయి, భీవండి. సభలు పెట్టుకొనే సంఘం ఊళ్లో లేకుండా పోయిన ఆ కాలంలోనే, పదిమంది యువకులు కలిసి కూర్చొనే మరో తావుగా దీక్ష ఊళ్లలోకి వచ్చింది. ఒకటి రెండోదానికి కారణమని తేల్చడం తొందరపాటు అవుతుంది. అవి రెండూ ఒకే వీధుల్లో, తరచుగా ఒకే కుటుంబాల్లో, ఒకదాని వెంట ఒకటి నడిచాయన్నది మాత్రం విస్మరించరానిది.

ఆంజనేయ దీక్ష, అంటే మాల వేసుకొని నిర్ణీత కాలం నియమాలు పాటించి చివర కొండకు నడిచి వెళ్లి మాల విరమించడం, శబరిమల అయ్యప్ప దీక్షను చూసి గత శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఏర్పడిన పద్ధతి. విజయవాడ భవానీ దీక్ష వంటివి కూడా ఆ కాలపువే. శబరిమలకు పోను రాను ఖర్చు భరించలేని కూలికి, సాంచాల (మరమగ్గాల) కార్మికుడికి నడిచి చేరగలిగిన దేవుడు దొరికాడు. కాషాయ వస్త్రాలు, కాళ్లకు చెప్పులు లేకపోవడం, తెల్లవారుజామున, సాయంత్రం చన్నీటి స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భిక్ష, మద్యమాంసాలకు దూరం అనే నియమాలను 11, 21 లేదా 41 రోజులు పాటించి, చైత్ర పౌర్ణమి నాటి చిన్న జయంతికో, వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతికో లక్షల సంఖ్యలో దీక్షాపరులు కొండకు చేరుతారు. ఆ రోజుల్లో మనిషికి కులం పేరు, ఇంటి పేరు పోయి ‘స్వామి’ అన్న పిలుపు ఒక్కటే మిగులుతుంది. ఊళ్లో పేరుకు చివర ‘గాడు’ అని పిలిపించుకున్న మనిషికి నలభై రోజుల పాటు మర్యాదగా ‘స్వామీ’ అనిపించుకోవడం ఎంత పెద్ద సంగతో, ఆ మర్యాద పోగొట్టుకొని బతికినవారికే తెలుస్తుంది. వెట్టికి ఎదురు తిరిగిన కోరికలోనూ మాల వేసుకున్న కోరికలోనూ గౌరవంగా బతకాలన్న ఆశ ఒకటే.

మద్యం సంగతిలో దీక్ష చేసిన పని ఇంకా స్పష్టమైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో పుంజుకున్న ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి; 1997లో నిషేధం సడలిపోయింది. చట్టం వెనక్కి పోయిన చోట, ఊరూరా బెల్టు షాపులు వెలసిన చోట, మాల దాన్ని వేసుకున్న మనిషి ఇంటికి మాత్రమే వర్తించే గడువున్న మద్యనిషేధంగా నిలిచింది. భర్త మాల వేసుకుంటే ఆ నలభై రోజులైనా ఇంట్లో దెబ్బలుండవని, కూలి డబ్బు ఇంటికి వస్తుందని లెక్కవేసుకొన్న భార్యలు మాలను ప్రోత్సహించారు. అయితే ఆ నలభై రోజుల భారం మోసేది కూడా వారే. తెల్లవారుజామున లేచి ఇల్లు కడగడం, వేరే పాత్రల్లో వంట, ముట్టు రోజుల్లో ఇంటి బయట ఉండడం, ఆపైన పగలంతా బీడీలు చుట్టడం. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో బీడీల పనితో ఇల్లు నడిపే స్త్రీల చేతుల మీదుగానే ఈ దీక్షలు సాగాయి. నియమం పాటించిన మనిషికి స్వామి అన్న గౌరవం దక్కింది, ఆ నియమాన్ని నడిపించిన మనిషికి పేరు కూడా దక్కలేదు. కులం విషయంలోనూ ఇదే పరిమితి ఉంది. మాల తీసిన మరునాడు పాత పిలుపులు తిరిగి వస్తాయి.

కొండకూ ఊళ్లకూ మధ్య ఉన్న దూరం 2018 సెప్టెంబరు 11న దారుణంగా బయటపడింది. కొండగట్టు ఘాట్ రోడ్డు మీదుగా జగిత్యాల వైపు వస్తున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న ఆ బస్సులోని వారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల పేదలు. ఆడవాళ్లూ ముసలివాళ్లూ ఎక్కువగా పోయారు. తరువాతి కాలంలో 2022 డిసెంబరులో ఆలయాభివృద్ధికి వంద కోట్లు, 2023 ఫిబ్రవరిలో మరింత భారీ మొత్తం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. గుడి బాగుపడాలన్నది న్యాయమైన కోరికే. ఆ దేవుణ్ని కొలిచే పల్లెకు సరిపడా బస్సులు కావాలన్నది అంతకంటే ముందు తీరవలసిన కోరిక.

ఇటీవలి దశాబ్దాల్లో దీక్ష స్వరూపం మారుతోంది. మనిషి తన నాలుకనూ చేతినీ అదుపులో పెట్టుకోవడానికి వేసుకున్న మాలను, పక్కవాడికి బలం చూపే గుర్తుగా వాడుకోవాలని రాజకీయాలు చూస్తున్నాయి. జయంతి శోభాయాత్రల్లో భజన పాటల స్థానాన్ని డీజేల హోరు ఆక్రమిస్తోంది. పీర్ల చావడి ముందు ఫకీరైన తాతకూ అంజన్న మాల వేసుకున్న మనవడికీ నడుమ ఉన్న బంధుత్వాన్ని మరిచిపోవడం ఈ నేల భక్తికి జరిగే పెద్ద నష్టం. ఆ బంధుత్వానికి సాక్షులు ఇంకా బతికే ఉన్నారు: తొలితరం గురుస్వాములు, సంఘాల్లో పనిచేసి తరువాత మాల వేసుకున్న రైతులు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి మొక్కు చెల్లించినవారు, ముత్యంపేట చక్కెర కర్మాగారపు పాత కార్మికులు, అన్నిటికంటే ముఖ్యంగా భిక్ష వండిన ఆడవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కళాశాలల్లో చరిత్ర చదివే విద్యార్థులూ వారి అధ్యాపకులూ ఈ వృద్ధుల మాటలను ఊరూరా తిరిగి, ఆలస్యం చేయకుండా నమోదు చేయాలి.