కోర్టు తలుపు మూసేస్తే గడువు ఆగుతుందా?

మన ఊళ్లలో ఒక మాట వింటుంటాం: "ఆ నోటుకి కాలదోషం పట్టింది" అని. అంటే ప్రామిసరీ నోటు రాసి మూడేళ్లు దాటింది, ఇక దావా వేసినా నిలబడదని. మరి ఆ మూడేళ్లలో చివరి రోజునే కోర్టు మూసి ఉంటే? ఈరోజు ఆ చరిత్ర చెప్పుకుందాం.

బ్రిటిష్ వాళ్లు 1897లో తెచ్చిన జనరల్ క్లాజెస్ చట్టంలోనే దీనికో జవాబుంది. చివరి రోజున కోర్టు గానీ ఆఫీసు గానీ మూసి ఉంటే, మళ్లీ తెరిచిన రోజున పని చేసినా గడువులో చేసినట్టే. దావాలు, అప్పీళ్ల విషయంలో 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 4 ఇదే చెప్తుంది. పని వేళల్లో కాసేపు మూసినా, ఆ రోజు మూసినట్టే లెక్క.

కానీ ఒక మెలిక ఉంది. మధ్యలో ఇరవై రోజులు మూసి, గడువుకి రెండు రోజుల ముందు తెరిచారనుకోండి. ఆ ఇరవై రోజులు ఎవరూ తిరిగివ్వరు. మీ చేతిలో ఉన్నది ఆ రెండు రోజులే.

2020లో కరోనా వచ్చేసరికి ఈ పాత సూత్రం సరిపోలేదు. దేశవ్యాప్త లాక్‌డౌన్ ఇంకా ప్రకటించకముందే, మార్చి 23న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, మార్చి 15 నుంచి గడువులన్నీ పొడిగించింది. మధ్యలో ఆ పొడిగింపు ఎత్తేశారు, రెండో వేవ్ రాగానే మళ్లీ పెట్టారు. చివరికి 2022 జనవరి 10న, మన తెలుగువారు ఎన్.వి. రమణ గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న బెంచ్ తేల్చింది: 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయాలి. అంటే 716 రోజులు! ఆ మధ్యలో గడువు ముగిసినవాళ్లకి మార్చి 1 నుంచి కనీసం 90 రోజులు ఇచ్చారు.

ఇక్కడే అసలు ప్రశ్న వచ్చింది. అరెస్టయిన మనిషిపై 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే, బెయిల్ అడిగే హక్కు అతనికి వస్తుంది. మరి ఆ గడువు కూడా పెరిగినట్టేనా? మద్రాస్ హైకోర్టు మధురై బెంచ్‌లో ఒక జడ్జి అవునన్నారు, బెయిల్ ఇవ్వలేదు. 2020 జూన్ 19న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. పొడిగింపు ఇచ్చింది కోర్టు దాకా రాలేని కక్షిదారుల కోసం, మనిషిని ఇంకొన్నాళ్లు జైల్లో ఉంచడానికి కాదని చెప్పింది.

నాకైతే ఈ చరిత్రంతటిలో ముఖ్యమైంది ఇదే. తలుపు మూసింది ప్రభుత్వం. ఆ మూసిన రోజుల భారం లోపల ఉన్నవాడి మీద పడకూడదు.

మీ కేసుకో అప్పీలుకో గడువు ఉంటే మాత్రం చివరి రోజు దాకా ఆగకండి. ఆఫీసు మూసి ఉంటే ఆ నోటీసుని ఫోటో తీసి పెట్టుకోండి, తెరిచిన రోజే వెళ్లండి.