మూడు వేళ్ల తిమ్మిరి

మా నాయిన మేడ్చల్‌లో దర్జీ. కాజా కుట్టేటప్పుడు ఆయన కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మాత్రమే కదులుతాయి. సూది బరువు మోసేదీ, గుడ్డ మందం కనిపెట్టేదీ ఆ మూడే. అందుకే కార్ల్ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1865 మే నెల. నేటి జర్మనీలోని ఫ్రైబుర్గ్ పట్నం. కార్ల్ సోయ్‌ఫార్త్ కూలికి కుట్టే దర్జీ, వయసు 27. ఆసుపత్రి మెట్లు రెండంతస్తులు తన కాళ్ల మీదే ఎక్కాడు. పైకి చేరగానే మంచం మీద వాలిపోయాడు. జ్వరం, నీరసం సంగతి చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్లు లోపలి వైపు తిమ్మిరెక్కినట్టు, మొద్దుబారినట్టు ఉన్నాయని.

ఏ వేళ్ల మీద ఆ కుర్రాడి కూడు ఆధారపడిందో, సరిగ్గా ఆ వేళ్లే!

తర్వాత అంతా దిగజారడమే. కండలు కరిగాయి, చేతులూ కాళ్లూ పడిపోయాయి, కడుపునొప్పి మెలిపెట్టింది, మూత్రపిండాలు చెడ్డాయి. వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ మంచం పక్కనే ఉండి చూశాడు. చూడటం తప్ప చేయగలిగింది లేదు. నెల తిరిగేసరికి కార్ల్ పోయాడు.

శవపరీక్ష చేసింది రుడాల్ఫ్ మైయర్. గుండెకు, పేగులకు, మూత్రపిండాలకు, కండరాలకు వెళ్లే ధమనుల పొడవునా గింజల్లాంటి గడ్డలు, కంటికే కనిపించాయి. మొదట ఇద్దరూ ఇది పురుగుల పని అనుకున్నారు, అలాగే అచ్చు కూడా వేయించారు. మళ్లీ చూసి, పొరపాటు తామే ఒప్పుకొని సరిదిద్దారు. ఆ నిజాయితీకి చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. 1866లో వాళ్లు రాసిన వ్యాసం నుంచే ఈ జబ్బుకు గుర్తింపు వచ్చింది. ఇప్పటి పేరు పాలియార్టెరైటిస్ నోడోసా.

కార్ల్ వేళ్లకు ఏ రోగమూ లేదు. వాటి నరాన్ని పోషించే దారమంత రక్తనాళం గోడ వాచి మూసుకుపోయింది. శామీర్‌పేట చెరువు తూము పూడితే కట్ట మీద నిలబడినవాడికి నీళ్లు నిండుగానే కనిపిస్తాయి, ఎండేది చివరి మడి. ఈ జబ్బూ అంతే. ఊపిరితిత్తుల్ని సాధారణంగా వదిలేస్తుంది. ఎవరూ అనుమానించని చోట తేలుతుంది. రాళ్లేమోనని తీసేసిన పిత్తాశయాన్ని ల్యాబులో కోసి చూస్తే అక్కడ కనిపించిన సందర్భాలున్నాయి. కొందరు మగవాళ్లలో వృషణాల నొప్పిగా మొదలవుతుంది. ఆ నొప్పి గురించి పెళ్లాంతో కూడా చెప్పుకోలేక, ఇన్‌ఫెక్షన్ మాత్రలు మింగుతూ నెలలు గడిపేవాళ్లను తలచుకుంటే నాకు గుండె కలుక్కుమంటుంది. తర్వాత నరం దెబ్బతిని పాదం వేలాడి చెప్పు జారిపోయినా, ఆ నొప్పీ ఈ బాధా ఒకే జబ్బువని ఎవరికి తోస్తుంది?

మందు లేని కాలంలో అయిదేళ్లు బతికినవాళ్లు నూటికి 13 మంది. స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ వచ్చాక ఆ లెక్క 80 దగ్గరికి చేరింది. కార్ల్ వందేళ్లు ముందు పుట్టాడు.

1970లో ఇంకో సంగతి బయటపడింది. ఈ రోగుల్లో కొందరి రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఆనవాళ్లు దొరికాయి. వైరస్‌తో పోరాడబోయి ఒళ్లు తన నాళాల్నే గాయపరుచుకుంటోంది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ వైరస్‌కు స్వదేశీ టీకా తెచ్చింది, విదేశీ టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో. వాళ్లు పెట్టిన ఫ్యాక్టరీ మా పక్కనే, అత్వెల్లిలో ఉంది. టీకాలు, రక్త పరీక్షలు పెరిగిన దేశాల్లో వైరస్ వెంట వచ్చే ఆ రకం జబ్బు బాగా తగ్గిపోయింది.

ఈ కథ నాయినకు చెప్పాను. కాజా మీద నుంచి తలెత్తకుండా విన్నాడు.

"ఎన్నేండ్లు బిడ్డా ఆ పిలగానికి?"

"ఇరవై ఏడు నాయినా."

సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాడు. అంగుస్తానా తీసి, ఆ మూడు వేళ్లను ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు ఒత్తుకుంటూ కూర్చున్నాడు.