కత్తి పట్టిన తెలుగు ఆడపడుచు

సామర్లకోట అనగానే రైల్వేలో పనిచేసే మాబోటివారికి కాకినాడ బండి మారే జంక్షను గుర్తుకు వస్తుంది. ఆ ఊరినుండి పొట్ట చేతబట్టుకొని చెన్నపట్నం చేరిన ఒక పురోహితుని ఇంట 1993 ఆగస్టు 27న జన్మించిన చదలవాడ భవానీదేవి, ఒలింపిక్సులో కత్తి పట్టిన తొలి భారతీయురాలు. మగవారిలోనైనా ఈమెకు ముందు ఎవరూ లేరు.

కత్తిసాము 1896 నాటి మొదటి ఒలింపిక్సునుండి ఉన్నదే. మూడు రకాల కత్తులలో ఈమెది సేబర్. మొనతో పొడవవచ్చు, అంచుతో కొట్టవచ్చు. నడుముకు పైన తగిలిన దెబ్బకే లెక్క. ముందుగా 15 పాయింట్లు తెచ్చుకొన్నవారిది గెలుపు. స్త్రీలకు ఈ పోటీ 2004లో ఏథెన్సులో మొదలైనది. చిత్రమేమంటే, అదే ఏడు బడిలో తక్కిన ఆటలన్నీ నిండిపోగా ఈ పిల్లకు కత్తిసాము మిగిలింది!

అసలు కత్తి ఖరీదైనది గనుక సాధనకు వెదురు కర్రలే గతి. తరువాత కేరళలోని తలస్సేరి శిక్షణ కేంద్రానికి వెళ్లింది. 14వ ఏట టర్కీలో తొలి విదేశీ పోటీకి మూడు నిమిషాలు ఆలస్యమైనందుకు నల్లకార్డు చూపి పంపివేశారు. మూడు నిమిషాల విలువ మా శాఖవారికి వేరే చెప్పనక్కరలేదు!

ప్రయాణపు ఖర్చులకు తల్లి నగలు తాకట్టుకు పోయాయి. 2015లో మన బెంగుళూరు సంస్థ గోస్పోర్ట్స్ ఫౌండేషన్, రాహుల్ ద్రావిడ్ పేరిట నడిపే పథకంలో ఈమెను చేర్చుకొన్నది. 2017లో ఐస్‌లాండులో బంగారు పతకం వచ్చింది. ఇటలీలోని లివోర్నోలో గురువు నికోలా జనొట్టి వద్ద ఏళ్ల తరబడి శ్రమించింది. టోకియో ముచ్చట చూడకనే 2019లో తండ్రి గతించారు.

2021 జూలై 26న టోకియోలో ట్యునీషియా యువతిపై 15-3తో గెలిచి, ఆపై ఫ్రాన్సు క్రీడాకారిణి మనాన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. ఓడి, దేశాన్ని క్షమాపణ కోరింది. ఎందుకమ్మా క్షమాపణ? వెదురు కర్రతో అక్కడిదాకా నడిచిన బిడ్డ మనకేమి బాకీ?

2023 జూనులో చైనాలోని వూషీ నగరపు ఆసియా పోటీలలో, నాటి ప్రపంచ విజేత, జపాను దేశపు మిసాకి ఎమురాను 15-10తో ఓడించింది. సెమీఫైనలు 14-15తో, ఒక్క పాయింటులో చేజారింది. దక్కినది కంచు పతకమే. ఆ పోటీలలో భారతదేశానికి అదే మొట్టమొదటి పతకం.