స్టాంపు చట్టం 73వ సెక్షను: పౌర సమాచార సేకరణకు హద్దులు – ఒక పరిశీలన

భారతదేశంలో నిఘాపై చర్చ వస్తే అందరూ 2017 నాటి పుట్టస్వామి తీర్పు దగ్గరే మొదలుపెడతారు. తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చిన తీర్పు గనుక అది సహజమే. కాని ప్రభుత్వం పౌరుల కాగితాలను ఎంతవరకు తిరగేయవచ్చు అన్న ప్రశ్నకు, అంతకు పదమూడేళ్ల ముందే ఒక తెలుగు రాష్ట్రపు శాసనం కారణంగా సుప్రీంకోర్టు మరింత నిర్దిష్టమైన జవాబు ఇచ్చింది. మన న్యాయచర్చలో దానికి దక్కిన చోటు చాలా తక్కువ.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో 17వ నంబరు చట్టం ద్వారా భారతీయ స్టాంపు చట్టంలోని 73వ సెక్షనును సవరించింది. స్టాంపు సుంకం ఎగవేతను అరికట్టడం దాని ఉద్దేశం. ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. చిక్కంతా అధికారం ఇచ్చిన తీరులోనే ఉంది. కలెక్టరు రాతపూర్వకంగా అనుమతించిన ‘ఏ వ్యక్తి’ అయినా పత్రాలున్న ఏ ప్రాంగణంలోకైనా వెళ్లవచ్చు, వాటిని తనిఖీ చేయవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు, అవసరమనుకుంటే స్వాధీనం చేసుకోవచ్చు. ఆ వ్యక్తి ఏ హోదా వాడై ఉండాలో, ఏ ఆధారంతో అనుమానించాలో, కారణాలు నమోదు చేయాలో లేదో సెక్షను చెప్పలేదు. బ్యాంకుల్లో ఖాతాదారులు దాచుకున్న పత్రాలూ ఈ తనిఖీ కిందికి వచ్చాయి. హైకోర్టు సెక్షనును కొట్టేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కెనరా బ్యాంకు మధ్య నడిచిన అప్పీలులో 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

తీర్పులోని కీలకం ఇది: గోప్యత మనిషికి చెందినది, చోటుకు కాదు. పత్రాన్ని బ్యాంకులో ఉంచినంత మాత్రాన దానిపై ఖాతాదారు ఆశించే గోప్యత చెరిగిపోదు. అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ కేసులో దీనికి విరుద్ధంగా చెప్పింది. మన కోర్టు ఆ దారిన పోలేదు. నేడు మన మాటలు, లావాదేవీలు, కదలికలు అన్నీ ఎవరో ఒకరి సర్వర్లలోనే ఉంటున్నాయి కాబట్టి ఈ సూత్రం విలువ అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ.

ఫోన్ల విషయంలో మాత్రం కథ వేరుగా నడిచింది. 1996 డిసెంబరులో పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు ట్యాపింగుకు కొన్ని నిబంధనలు పెట్టింది. హోం కార్యదర్శి ఆదేశం ఉండాలి, దానికి గడువుండాలి, సమీక్షా సంఘం పరిశీలించాలి. ముందుగా న్యాయమూర్తి అనుమతి కావాలన్న వాదనను మాత్రం, శాసనంలో అలాంటి ఏర్పాటు లేనప్పుడు తాము విధించలేమని తోసిపుచ్చింది. అంటే బంతిని నియమాలు చేసే కేంద్ర ప్రభుత్వం వైపు నెట్టింది. ట్యాపింగును నియంత్రించిన టెలిగ్రాఫ్ నియమాల్లోని 419ఎ నియమం 2007లో పూర్తి రూపానికి వచ్చినప్పుడు సమీక్షా సంఘంలో ఉన్నది కార్యదర్శులే. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు. రెండు నెలలకోసారి కూర్చునే కేంద్ర సంఘం ముందుకు ప్రతిసారీ 15,000 నుంచి 18,000 ఆదేశాలు వస్తున్నాయని 2018లో సమాచార రక్షణపై శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన నివేదిక ఎత్తిచూపింది. అన్ని ఆదేశాలను ముగ్గురు అధికారులు మనసుపెట్టి చదివారని నమ్మడం కష్టం.

పైగా సంఘం చూసేది తన ముందుకు వచ్చిన కాగితాన్నే. ఆదేశమే లేకుండా సాగే నిఘా దాని కంట పడే వీలు లేదు. హైదరాబాదులో 2024లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు నిజానిజాలు కోర్టు తేల్చవలసినవి. అయినా ఆ ఆరోపణలు ఈ లోపం ఎంత లోతైనదో గుర్తుచేస్తాయి. 1986 నాటి తనిఖీదారు కనీసం బ్యాంకు గుమ్మం తొక్కాలి, మేనేజరు కంట పడాలి. అందుకే బ్యాంకు కోర్టుకు వెళ్లగలిగింది. ఫోను విన్నారన్న సంగతి ఆ ఫోను యజమానికి ఎప్పటికీ తెలియదు. తెలియని గాయానికి దావా వేసేదెవరు?

పార్లమెంటుకు 2023లో రెండు అవకాశాలు వచ్చాయి. టెలికమ్యూనికేషన్ల చట్టం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో వచ్చినా, న్యాయమూర్తి ముందస్తు అనుమతిని చేర్చలేదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 17వ సెక్షను, దేశ భద్రత, ప్రజాశాంతి వంటి కారణాలపై కేంద్రం ప్రకటించిన ప్రభుత్వ సంస్థలను ఆ చట్టం నుంచే మినహాయిస్తుంది. 36వ సెక్షను కింద కేంద్రం సమాచార సేకర్తలను వివరాలు అడగవచ్చు. ‘ఏ వ్యక్తి’ అన్న మాట పోయి ‘ఏ సంస్థ’ అన్న మాట వచ్చింది, అంతే తేడా. కెనరా బ్యాంకు తీర్పు గీటురాయి మీద పెడితే ఈ మినహాయింపు నిలబడుతుందా అన్నది నా అనుమానం.

బ్రిటన్ 2016 నాటి నిఘా చట్టంలో మంత్రి సంతకం తర్వాత న్యాయ కమిషనరు ఆమోదం కూడా కావాలి. అక్కడి నిఘా సంస్థలు దానివల్ల మూతపడలేదు. మన పార్లమెంటు చేయవలసిన సవరణలు రెండే: నిఘా ఆదేశానికి ముందు న్యాయమూర్తి అనుమతి, ముగిశాక నిర్ణీత గడువులో పౌరుడికి సమాచారం. ఈ రెండూ లేనంతవరకు మన నిఘా చట్టాలు అధికారానికి విధానాన్ని మాత్రమే సమకూర్చాయి, హద్దును కాదు.