గడియారం ఒప్పుకుంటేనే పాలు

రాత్రి రెండు గంటలు. ఇల్లంతా నిద్రలో ఉంది. పక్కలో పసివాడు ముందు కదులుతాడు, పెదవులు చప్పరిస్తాడు, ఆ పైన రాగం అందుకుంటాడు. మీరేం చేస్తారు? "అదేం ప్రశ్నండీ, పాలిస్తాం" అంటారు. కాని వందేళ్ళనాడు చదువుకున్న తల్లులకు పెద్ద పెద్ద డాక్టర్లు చెప్పిన జవాబు వేరు. "ఇవ్వకండి. ఏడవనివ్వండి. తెల్లవారి ఆరింటికి ఇవ్వండి" అన్నారు.

నవ్వకండి. నా మొదటి కాన్పులో నేనూ ఆ జవాబే విన్నాను. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు నర్సమ్మగారు ఒక కాగితం చేతికిచ్చారు. ఆరు, పది, రెండు, ఆరు, పది - అంతే. రాత్రి పదికి పట్టిన తరువాత మళ్ళీ ఉదయం ఆరింటికే. పుట్టింట్లో తలాపున అలారం గడియారం పెట్టుకుని ఆ కాగితాన్ని శిలాశాసనంలా పాటించాను. రెండింటికి పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే నేను గడియారం వంక చూస్తూ ఏడ్చాను. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతోంది. మూడోనాటి రాత్రి మా అమ్మమ్మ లేచి వచ్చి, "ఆకలి పిల్లకటే, గడియారానికా?" అని పిల్లను తీసి నా ఒళ్ళో పడేసింది.

ఆ కాగితం ఎక్కడ పుట్టిందో చాలా ఏళ్ళ తరువాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను.

న్యూజిలాండ్‌లో ట్రూబీ కింగ్ అనే డాక్టరు ఉండేవాడు. 1858లో పుట్టాడు. ఆయన పిల్లల డాక్టరేమో అనుకునేరు, కాదు. 1889 నుంచి సీక్లిఫ్ అనేచోట పిచ్చాసుపత్రికి పెద్ద. ఆ ఆస్పత్రికి పెద్ద పొలమూ, పశువుల సాలా ఉండేవి. దూడలు పారుకుని చచ్చిపోతుంటే ఆయన వాటి మేత మీద, పాల కొలతల మీద శ్రద్ధ పెట్టాడు. కొలత ప్రకారం, వేళ ప్రకారం పోస్తే దూడలు నిలబడ్డాయి. మరి మనుషుల బిడ్డలు ఎందుకు నిలబడరు అనుకున్నాడు. 1907లో డ్యునెడిన్ పట్టణంలో తల్లీబిడ్డల ఆరోగ్యానికి ఒక సంఘం పెట్టాడు. గవర్నరుగారి భార్య లేడీ ప్లంకెట్ అండగా నిలిచింది, అందుకే దానికి ప్లంకెట్ సంఘమని పేరు. ఆవిడ ఎనిమిది మంది పిల్లల తల్లి. డాక్టరుగారికి మాత్రం కన్నబిడ్డలు లేరు, మేరీ అనే పాపను పెంచుకున్నారు.

ఆయన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ఆనాటి బిడ్డల సంగతి తెలిస్తే మీరూ ఆడిపోసుకోరు. ఇంగ్లండులో పాలసీసాకు పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసన పాలపీక పెట్టేవారు. సీసా ఉయ్యాల్లో పెట్టేస్తే బిడ్డ తనంతట తానే రాత్రంతా చప్పరిస్తూ ఉండేది. తల్లికి నిద్ర, బిడ్డకు పాలు - ఎంత సౌఖ్యం! ఆ గొట్టం లోపల కడగడానికి వీలుండేది కాదు. పాలు విరిగి, పురుగులు పెరిగి, వేసవి వచ్చిందంటే విరేచనాలతో బిడ్డలు రాలిపోయేవారు. ఆ సీసాలకు జనమే 'హంతక సీసాలు' అని పేరు పెట్టారు. 1910లో ఫ్రాన్సు చట్టం చేసి మరీ వాటిని మాన్పించింది.

అలాంటి రోజుల్లో ట్రూబీ కింగ్ "తల్లిపాలే పట్టండి, శుభ్రంగా ఉండండి" అని ఊరూరా చెప్పాడు. ఆయన సంఘం నర్సులు ఇంటింటికీ వెళ్ళేవారు. 1907లో అక్కడ వెయ్యికి 88 మంది శిశువులు చనిపోతుంటే, తరువాతి ముప్పై ఏళ్ళలో అది 32కు దిగింది. ఘనతంతా ఆయనదేనని అప్పుడన్నారు. మంచినీళ్ళూ, మురుగు కాలవలూ బాగుపడి మిగతా దేశాల్లోనూ ఆ మరణాలు తగ్గుతూనే ఉన్నాయని తరువాతివాళ్ళు గుర్తుచేశారు.

చిక్కల్లా గడియారంతో వచ్చింది. నాలుగు గంటలకొకసారి పాలు, రాత్రి బొత్తిగా లేవు. కడుపుకు విశ్రాంతి కావాలట. ఏడ్చినప్పుడల్లా ఇస్తే బిడ్డ గుణమే చెడుతుందట. ఆయనొక్కడే కాదు, అమెరికాలో హోల్ట్ అనే డాక్టరు 1894లోనే ప్రశ్నలూ జవాబులుగా ఒక పుస్తకం రాసి వేళల పట్టిక ఇచ్చాడు. 1928లో వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో మెట్టెక్కి, బిడ్డలను ఒళ్ళో కూచోబెట్టుకోకండి, ముద్దులాడకండి అన్నాడు! 1918లో ట్రూబీ కింగ్ పద్ధతి నేర్పడానికి లండన్‌లో శిక్షణ కేంద్రం వెలిసింది. ఇంగ్లీషు వైద్యంతో పాటు ఆ పట్టిక మన పురిటిగదులకూ చేరింది.

ఇందులో ఎవరూ గమనించని మెలిక ఒకటుంది. పాలు ఊరడానికి ప్రొలాక్టిన్ అనే హార్మోను కావాలి. అది రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. తాగిన కొద్దీ పాలు ఊరతాయి, రొమ్ము నిండి బిగుసుకుపోతే ఊట తగ్గుతుంది. తొలి వారాల్లో రాత్రి పాలు మానేస్తే ఏమవుతుంది? నెల తిరక్కుండా "నాకు పాలు చాలడం లేదు" అని తల్లి దిగులు పడుతుంది. మర్నాడు పాలపొడి డబ్బా వస్తుంది. తల్లిపాల కోసం అంత పోరాడిన మనిషి పెట్టిన నియమమే ఎందరి తల్లుల పాలో ఎండగట్టింది. బొద్దుగా ఉన్న పిల్లల్ని మనం గ్లాక్సో బేబీ అనేవాళ్ళం కదూ, ఆ గ్లాక్సో కూడా న్యూజిలాండ్‌లో పుట్టిన సరుకే.

ఈ గడియారాన్ని పక్కన పెట్టింది ఒక తల్లి. 1942లో అమెరికాలో ఫ్రాన్సిస్ సిమ్సేరియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మెక్లెండన్ అనే డాక్టరు కలిసి, ఆవిడ కన్నబిడ్డకే అడిగినప్పుడల్లా పాలిచ్చి లెక్క రాశారు. మొదటి రోజుల్లో బిడ్డ పెద్దగా లేవలేదు. పాలు పడ్డాక, మొదటి వారం చివర్లో, రోజుకు పదిసార్లు లేచాడు. రెండు వారాలకు ఆరేడుసార్లయింది. పది వారాలకు చూస్తే ఏముంది? ఎవరూ చెప్పకుండానే ఇంచుమించు నాలుగు గంటలకొకసారికి వచ్చాడు! 1946లో డాక్టర్ స్పాక్ తన పుస్తకంతో తల్లులకు ధైర్యం చెప్పాక పాత పట్టికలు మెల్లగా మూలపడ్డాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పగలూ రాత్రీ బిడ్డ అడిగినప్పుడల్లా ఇమ్మనే చెబుతోంది.

అయితే ఏడాది దాటి, పళ్ళొచ్చిన పిల్లల నోట్లో పాలసీసా పెట్టి నిద్రపుచ్చడం వేరే సంగతి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పళ్ళ మీదే నిలుస్తాయి, ముందు పళ్ళు పుచ్చిపోతాయి. పాలన్నీ పడుకోబోయే ముందే తాగించి, పళ్ళు తుడిచి పడుకోబెట్టండి. రాత్రి లేస్తే మంచినీళ్ళు చాలు.

మా అమ్మమ్మకు ట్రూబీ కింగ్ పేరు తెలియదు. ఆ రాత్రి అలారం గడియారాన్ని వంటింటి అలమరలో పప్పుడబ్బా వెనక పెట్టేసింది. నేను అత్తవారింటికి బయల్దేరే రోజున కీ లేక ఆగిపోయి కనబడింది.